మంచం కింద గొట్టాలు

మా ఊళ్ళో నేను అక్కయ్యా అని పిలిచే ఒకావిడ ఉన్నారు. నేను న్యూజెర్సీకి వచ్చిన కొత్తలో ఇక్కడి పాలతో పెరుగు గట్టిగా తోడుకునేలా చెయ్యడం నేర్పింది ఆవిడే. పోయిన ఏడాది వాళ్ళాయన హఠాత్తుగా పోయారు. రెండు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం ఫోన్ చేశారు.

"మీ ఆయనకి స్టాంపుల సంగతి తెలుసు కదమ్మా. శనివారం ఒకసారి ఇద్దరూ రండి. మంచం కింద మీ బావగారి గొట్టాలున్నాయి. అవేమిటో, ఎంతవో నాకు తెలీదు. పారెయ్యడానికి చేతులు రావడం లేదు, ఉంచుకుంటే ఏం చెయ్యాలో అర్థం కావడం లేదు."

వెళ్ళాం. మంచం కింద నుంచి పద్నాలుగు అట్ట గొట్టాలు బయటికొచ్చాయి. బీరువా వెనకాల ఇంకో పెద్ద అట్ట ఫైలు. ఆవిడ గొట్టాలు అందిస్తూ అన్నమాట నాకింకా చెవుల్లో ఉంది. "ఇరవై ఏళ్ళు ఈ మంచం కింద తుడిచాను. ఒక్కసారి కూడా మూత తియ్యలేదు."

ఈ వ్యాసం ఆ మూత గురించే.

గొట్టాల్లో ఉన్నవి కత్తిరించని స్టాంపుల షీట్లు. మామూలుగా పోస్టాఫీసు కౌంటర్లో మనకిచ్చే ఇరవై స్టాంపుల కాగితం అలాగే పుట్టదు. అచ్చుయంత్రంలోంచి ఒక పెద్ద కాగితం మీద అలాంటివి కొన్ని పక్కపక్కన వస్తాయి. వాటిని కోసి విడదీసి పోస్టాఫీసులకి పంపుతారు. పళ్ళెంలో పోసిన మైసూర్‌పాక్‌ని ముక్కలు కొయ్యకముందు చూశారనుకోండి, అదే ఈ పెద్ద షీటు. ముక్కల మధ్య ఖాళీ పట్టీలుంటాయి, అంచుల్లో రంగుల గుర్తులూ ప్లేటు నంబర్లూ ఉంటాయి. కొనుక్కుని ఉత్తరం వేసేవాళ్ళకి ఇవేమీ కనిపించవు. సేకరించేవాళ్ళకి అవే ప్రాణం. నాలుగు పేన్లు కలిసేచోట ఖాళీ పట్టీలు ప్లస్ గుర్తులా దాటుకుంటాయే, ఆ మధ్య ముక్క కోసం మా ఆయన రాత్రి పన్నెండు దాకా కంప్యూటర్ ముందు కూర్చున్న రోజులున్నాయి.

అమెరికా తపాలా శాఖ ఇలాంటి పెద్ద షీట్లని సేకర్తల కోసం ప్రత్యేకంగా అమ్మింది. 2012 నుంచి కొన్నేళ్ళు, స్టాంపు చుట్టూ ఉండే పళ్ళ గాట్లు కూడా లేకుండా అమ్మారు. ఇలాంటివి వందల్లోనో, కొద్ది వేలల్లోనో మాత్రమే అచ్చేశారు. అదీ ఆకర్షణ. ధర మాత్రం స్టాంపుల మీద ఉన్న విలువే. ఒక షీటులో ఇరవయ్యేసి స్టాంపుల పేన్లు ఆరు ఉన్నాయనుకోండి, మొత్తం 120. 2013లో ఒక్కో స్టాంపు 46 సెంట్లు. అంటే 55 డాలర్ల 20 సెంట్లు. ఒక్కటైతే పెద్ద ఖర్చేం కాదు. నెలకి రెండు మూడు రకాల కొత్త స్టాంపులొస్తుంటే, ఒక్కొక్కటీ రెండేసి కొంటుంటే, అప్పుడు లెక్క వేరు. ఈ లెక్క మా ఇంట్లో నేను వేశాను. అక్కయ్య వాళ్ళింట్లో ఎవరూ వెయ్యలేదు.

నిజానికి స్టాంపులు పుట్టినప్పుడు అన్నీ కత్తిరించనివే. 1840లో ఇంగ్లండులో వచ్చిన మొదటి స్టాంపు పెన్నీ బ్లాక్‌కి పళ్ళు లేవు, షీటుకి 240 ఉండేవి. అప్పటి వాళ్ళ డబ్బులో 240 పెన్నీలంటే ఒక పౌను కాబట్టి షీటు ఖరీదు సరిగ్గా ఒక పౌను. పోస్టాఫీసు గుమాస్తా కత్తెర పెట్టి అడిగినన్ని కోసిచ్చేవాడు, మన బట్టల కొట్టులో తానులోంచి జాకెట్టు ముక్క చింపిచ్చినట్టు. ఆ షీటుని దాచుకోవాలని ఎవరూ అనుకోలేదు. అందుకే ఇప్పుడు దానికంత విలువ.

ఈ "కత్తిరించనిది" అనే మాటకి ఒక రాజకీయ గొడవ కూడా ఉంది. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కి స్టాంపుల పిచ్చి. ఆయన హయాంలో పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా ఉన్న జేమ్స్ ఫార్లే కొత్త స్టాంపు వచ్చినప్పుడల్లా, కొయ్యని, పళ్ళు లేని, జిగురు పుయ్యని షీట్లని కొని అధ్యక్షుడికీ, ఇంకా కొందరు పెద్దలకీ బహుమతిగా ఇచ్చేవాడు. అవి మామూలు జనానికి దొరకవు. విషయం బయటపడి సేకర్తలంతా మండిపడ్డారు. చివరికి 1935 మార్చిలో ఆ ఇరవై రకాల స్టాంపులనీ మళ్ళీ అచ్చేసి అందరికీ అమ్మాల్సొచ్చింది. వాటికి "ఫార్లే వెర్రితనాలు" అన్న అర్థంలో పేరు నిలిచిపోయింది.

ఆ ఇరవైలో ఒకటి 1934 నాటి అమెరికా తల్లుల స్టాంపు. విస్లర్ అనే చిత్రకారుడు గీసిన తన తల్లి బొమ్మ ఆధారంగా రూజ్‌వెల్టే స్వయంగా నమూనా గీసిచ్చాడు. బొమ్మలో ఆవిడ కుర్చీలో పక్కకి తిరిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. మూల చిత్రంలో లేని పూలకుండీ ఒకటి స్టాంపులో తెచ్చి పెట్టారు, కళాకారులు దానికి గొడవ చేశారు. నాకు ఆ గొడవకంటే, తల్లుల గౌరవార్థం వేసిన స్టాంపు మగవాళ్ళ మధ్య కానుకగా చేతులు మారడం తమాషాగా అనిపిస్తుంది.

ఇక అసలు కథ జెన్నీది. స్టాంపుల వాళ్ళ ఇంట్లో కాపురం చేసిన ఏ ఆడదానికైనా ఈ కథ కంఠతా వచ్చి ఉంటుంది. 1918లో 24 సెంట్ల స్టాంపు మీద జెన్నీ అనే విమానం బొమ్మ ఒక షీటులో తలకిందులుగా పడింది. వాషింగ్టన్‌లో రోబీ అనే ఆయన ఆ వంద స్టాంపుల షీటుని 24 డాలర్లకి కొన్నాడు. వారం తిరక్కుండా 15 వేల డాలర్లకి అమ్మేశాడు. అది అక్కణ్ణించి 20 వేలకి కల్నల్ గ్రీన్ అనే ధనవంతుడి చేతికి వెళ్ళింది. పిసినారితనానికి పేరుపడ్డ కోటీశ్వరురాలు హెట్టీ గ్రీన్ కొడుకే ఈయన. తల్లి కూడబెట్టింది, కొడుకు స్టాంపులు కొన్నాడు. ఆ షీటుని విడిముక్కలు చేసి, ఒకటి మాత్రం భార్యకి లాకెట్‌లో పెట్టించి ఇచ్చాడు. మా ఆయన ఈ సంగతి మురిపెంగా చెప్పినప్పుడల్లా "ఆవిడకి ఆ లాకెట్ ఖరీదెంతో తెలుసా?" అని నేను అడుగుతుంటాను. ఆయన దగ్గర సమాధానం ఉండదు.

2013లో తపాలా శాఖ ఈ జెన్నీని మళ్ళీ అచ్చేసింది. రెండు డాలర్ల స్టాంపులు ఆరు, షీటు 12 డాలర్లు. ఈసారి విమానం తలకిందులుగా ఉండటమే సరైన అచ్చు. అలాంటి షీట్లు 22 లక్షలు. వాటి మధ్య కావాలని వంద షీట్లలో విమానాన్ని నిటారుగా అచ్చేసి కలిపేశారు. బయటికి కనిపించకుండా కవర్లో మూసేశారు, చింపితే తప్ప తెలీదు. అంటే 22 వేలకి ఒకటి. మా ఆయన ఆరు షీట్లు కొన్నారు. 72 డాలర్లు. డైనింగ్ టేబుల్ మీద, దీపావళి టపాకాయలు పేల్చే ముఖంతో ఒక్కొక్కటే చింపారు. ఆరింట్లోనూ విమానం తలకిందులే. పిల్లలు ఒకటే నవ్వు.

నాకు మాత్రం అప్పుడు ఒళ్ళు మండింది, 72 డాలర్లకి కాదు. పాత జెన్నీకి విలువొచ్చింది అది పొరపాటు కాబట్టి. కార్ఖానాలో ఎవరో కాగితం తిప్పి పెట్టారు, ఒక్క షీటు తనిఖీ తప్పించుకుని కౌంటర్ దాకా వచ్చింది, కళ్ళున్న ఒకాయన దాన్ని గుర్తుపట్టాడు. అంతా నిజంగా జరిగింది. ఇప్పుడేమో పొరపాటుకి కూడా ముందే సంఖ్య నిర్ణయించి, ప్రకటన ఇచ్చి అమ్ముతున్నారు. దీన్ని నేను లాటరీ అంటాను. తపాలా శాఖ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం కూడా ఈ పద్ధతిని తర్వాత తప్పుబట్టింది.

ఇదే మాట కత్తిరించని షీట్ల గురించి కూడా అంటాను, మా ఆయన నొచ్చుకున్నా సరే. అరుదైనది వేరు, అరుదుగా ఉండేలా తయారుచేసి అమ్మింది వేరు. వెయ్యి మాత్రమే అచ్చేశామని చెప్పి అమ్మినప్పుడు, కొన్న వెయ్యి మందీ భద్రంగా దాస్తారు. ఎవరూ వాడరు, ఎవరూ పారెయ్యరు, ఎలకలు కొట్టవు. యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆ వెయ్యీ ఉంటాయి. కొనాలనుకునే వాళ్ళు మాత్రం వెయ్యి మంది ఉంటారా? మా పిల్లల్నే అడిగాను. మా వాడు ఉత్తరమే రాయలేదు పుట్టి.

అలాగని మగవాళ్ళని ఆడిపోసుకోవడానికి ఇది రాయడం లేదు. "లిమిటెడ్ ఎడిషన్" అన్న మాటకి మనమేం తక్కువ తినలేదు. ఈ రంగు ఇంక నేయరు అంటే కొన్న చీర మడత విప్పకుండా నా బీరువాలో మూడేళ్ళుగా ఉంది. పైగా మా ఆయన స్టాంపుల వల్ల ఇంట్లో మంచి కూడా జరిగింది. మా అమ్మాయికి దేశాల పేర్లూ పక్షుల పేర్లూ వచ్చింది వాటివల్లే. 2011లో హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఆబిడ్స్ జీపీఓలో ఫిలాటెలిక్ బ్యూరోకి నన్ను లాక్కెళ్ళింది ఆయనే. అక్కడ, ఆ ఏడాదే వచ్చిన అలనాటి కథానాయికల మినియేచర్ షీటు కొనిచ్చారు. నూతన్, మీనాకుమారిలతో పాటు మన సావిత్రి ఉన్న షీటు. అయిదు రూపాయల స్టాంపులు ఆరు, ముప్పై రూపాయలు. అది నాది. దాని ఖరీదు పెరిగిందా లేదా అని నేనెప్పుడూ చూడలేదు.

(హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లెలు పిల్లాడికి స్టాంపులు కొనిపెట్టనా అని అడుగుతుంటుంది. తప్పకుండా కొనిపెట్టు అన్నాను. ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలకి స్టాంపుల సేకరణ మీద పరీక్షా ప్రాజెక్టూ పెట్టి, ఏడాదికి 6000 రూపాయల స్కాలర్‌షిప్ ఇచ్చే దీన్‌దయాళ్ స్పర్శ్ పథకం 2017లో తపాలా శాఖే మొదలుపెట్టింది. పిల్లాడికి ఆల్బమ్ కొను, పెట్టుబడి అని మాత్రం కొనకు అని కూడా చెప్పాను.)

2016 అక్టోబరులో ఇక్కడ దీపావళి స్టాంపు వచ్చింది. బంగారు రంగు మీద ఒక ప్రమిద. దానికోసం ఇక్కడి భారతీయులు ఏళ్ళ తరబడి సంతకాలు సేకరించారు, అర్జీలు పెట్టారు. మా ఆయన రెండు పేన్లు తెచ్చి నాకు చూపించి, మళ్ళీ లోపల పెట్టేశారు. నేను ఒకదాంట్లోంచి నాలుగు తీసి, టెక్సస్‌లో ఉన్న మా పిన్నికీ, ఇంకో ముగ్గురికీ దీపావళి కార్డులు వేశాను. రెండు రోజులు మాట్లాడలేదాయన. "పండగ స్టాంపుని పండక్కి కాక దేనికి వాడతామండీ?" అంటే జవాబు లేదు. పిన్ని మాత్రం ఆ కవరు ఫ్రిజ్ మీద అంటించుకుంది. సరిగ్గా ఇరవై ఉంటేనే దానికి విలువట. నా మటుకు నాకు, మిగిలిన పదహారూ పదహారు ఉత్తరాలు.

మళ్ళీ అక్కయ్య దగ్గరికి వస్తాను.

ఆ శనివారం షీట్లన్నీ నేలమీద దుప్పటి పరిచి విప్పాం. గట్టిగా చుట్టి పదేళ్ళుంచినవి, విప్పగానే మళ్ళీ ముడుచుకుపోతున్నాయి. రెండింటి మీద మడత గీత పడింది. ఒక గొట్టానికి చెమ్మ తగిలి అంచు పసుపెక్కింది. బావగారు అప్పుడప్పుడూ "ఇవి పిల్లల పెళ్ళిళ్ళకి పనికొస్తాయి" అనేవారట. అక్కయ్య ఆ మాట నమ్మి, మంచం కింద బంగారం ఉన్నట్టే బతికారు.

అప్పటికే ఒక వ్యాపారి వచ్చి చూసి వెళ్ళాడట. మొత్తం కలిపి ఒకే ధర చెప్పాడు. స్టాంపుల మీద ముద్రించిన విలువ కూడితే మూడు వేల డాలర్లు దాటింది. అతను చెప్పింది దాంట్లో మూడింట రెండు వంతులకి తక్కువ. అతన్ని తిట్టుకున్నాం గానీ, ఇటీవలి స్టాంపుల విషయంలో ఇది మామూలేనని మా ఆయన దారిలో నెమ్మదిగా ఒప్పుకున్నారు. కొత్త స్టాంపులు అమ్మబోతే వాటి మీదున్న ధర కూడా చాలాసార్లు రాదు. వ్యాపారి వాటిని కొనేది తక్కువ ధరకి మళ్ళీ తపాలా ఖర్చుకి అమ్ముకోవడానికే. పదిహేనేళ్ళుగా వింటున్న "విలువ పెరుగుతుంది" ఆ రోజు కారులో ఆయన నోట వినబడలేదు.

అయితే అన్నీ అలా కాదు. అట్ట ఫైలులో బల్లపరుపుగా దాచినవాటిల్లో, గాట్లు లేని షీట్లు మూడు కనిపించాయి. తక్కువ సంఖ్యలో అచ్చయినవి, సేకర్తలు వెతుక్కునేవి. వ్యాపారి చెప్పిన గంపగుత్త ధరలో అవీ కలిసిపోయేవే. మా ఆయన వాటిని వేరుగా తీసి పెట్టించారు. తర్వాత ఆ మూడే, మిగతా గొట్టాల్లో సగం తెచ్చినంత తెచ్చాయి. ఏ షీటు ఏమిటో, దేన్ని విడిగా అమ్మాలో బావగారికి తెలుసు. ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా రాసి లేదు. ఒక్క కాగితం ముక్క రాసి ఆ ఫైలులో పెట్టి ఉంటే, నెల రోజులు ఆవిడకి నిద్రపట్టని రాత్రులు తప్పేవి.

నా కోపం స్టాంపుల మీద కాదని నాకప్పుడే తెలిసింది. ఇల్లు ఎంతకి కొన్నామో తెలుసు, బ్యాంకులో ఎంతుందో తెలుసు, మంచం కింద ఏముందో మాత్రం "అది ఆయన సరదా" అని వదిలేస్తాం. సరదా అంటే మనం అడగకూడనిది అనుకుంటాం. అడిగితే నస పెట్టినట్టవుతుందని భయం. వాళ్ళకేమో చెబితే ఖర్చు లెక్క బయటపడుతుందని భయం. ఈ రెండు భయాల మధ్య గొట్టాలు పేరుకుంటాయి. స్టాంపులే కానక్కర్లేదు, నాణేలు, వాచీలు, ఎక్కడో కొన్న చిన్న స్థలం కాగితాలు, ఏదైనా ఇంతే.

ఇంటికొచ్చిన మర్నాడు ఆదివారం. ఉప్మా తిన్నాక నేనే ఒక నోటుబుక్కు తెచ్చి టేబుల్ మీద పెట్టాను.

"ఏమిటిది?"

"మీ షీట్లన్నీ తియ్యండి. ఏది ఎప్పుడు కొన్నారో, ఎంతకి కొన్నారో, ఏది కొయ్యకూడదో, ఎవర్ని అడగాలో రాద్దాం."

ఆయన ముఖం చిన్నబోయింది. "నేను పోయాక అమ్మడానికి ఇప్పట్నించే లెక్కలా?"

"మీరే ముందు పోతారని ఎవరు చెప్పారు? నేను పోతే నా పట్టుచీరల్లో ఏది అమ్మాయికి, ఏది మీ చెల్లెలికి, ఏది అమ్మ పెట్టిందో మీకు తెలుసా? వెనక పేజీల్లో అవి రాద్దాం."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికెళ్ళి గొట్టాలు తెచ్చారు. మూడు ఆదివారాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు దెబ్బలాడుకున్నాం, ఎందుకంటే మొత్తం కూడితే వచ్చిన అంకె నేననుకున్నదానికి దాదాపు రెండింతలుంది. ఆ సంగతి ఇక్కడ రాయొద్దన్నారు, అందుకే అంకె రాయడం లేదు. కానీ ఒక ఒప్పందం కుదిరింది. కొత్త షీటు కొనాలంటే నోటుబుక్కులో రాసిన తర్వాతే. చుట్టినవన్నీ విప్పి బల్లపరుపుగా ఫైళ్ళలో పెట్టాం. ఎక్కువున్న మామూలు ఫరెవర్ స్టాంపులు ఇంటి అవసరాలకి నాకిచ్చేశారు. ఆ స్టాంపుల్లో ఉన్న మంచి గుణం అదొక్కటి, 2007లో 41 సెంట్లకి కొన్నది 73 సెంట్లయిన 2024లో కూడా కవరు మీద చెల్లుతుంది. పెట్టుబడి అనే మాట వాడాలంటే దీనికి వాడమన్నాను. నవ్వారు.

నోటుబుక్కు వల్ల నాకు తెలియని సంగతులు కూడా తెలిశాయి. ఒక షీటు పక్కన తేదీ చూసి ఎందుకు కొన్నారంటే, మా అమ్మాయి పుట్టిన వారంలో వచ్చిందట. ఆసుపత్రి నుంచి వస్తూ కొన్నారట. పద్దెనిమిదేళ్ళు అది నా మంచం కిందే ఉంది, నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, అడగలేదుగా అన్నారు.

అక్కయ్య చాలామటుకు అమ్మేశారు. మడత పడ్డ రెండు షీట్లూ ఎవరూ తీసుకోలేదు. పోయిన నెల మాకు ఒక కవరు వచ్చింది. పదమూడు రోజులూ వంతులేసుకుని వంట పంపినవాళ్ళందరికీ ఆవిడ కృతజ్ఞతలు చెబుతూ చేత్తో కార్డులు రాశారు. కవరు మీద స్టాంపుకి పళ్ళు లేవు. వంటింటి కత్తెరతో కోసినట్టుంది, ఒకవైపు అంచు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ, పక్క స్టాంపు రంగు సన్నగా కనిపిస్తోంది. మీద తపాలా ముద్ర అడ్డంగా పడింది.

మా ఆయన కార్డు నాకిచ్చి, కవరుని వెలుగులో చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. స్టాంపుని కోసి తీస్తారేమో అనుకున్నాను. కవరుతో సహా ఫైలులో పెట్టి, నోటుబుక్కు తెరిచి, ఖరీదు రాసే గడి ఖాళీగా వదిలేసి, పక్కన అక్కయ్య పేరు రాశారు.